విక్టోరియా కాలపు నవలాకారులపై క్విజ్ ఎలా తయారు చేయాలి?

సాహిత్య క్విజ్ అనగానే "ఫలానా నవల రాసిందెవరు?" అని అడిగేస్తారు. తెలిసినవాళ్లు టక్కున చెబుతారు, మిగతావాళ్లు దిక్కులు చూస్తారు. కాస్త బుర్ర పెడితే జవాబు తట్టే ప్రశ్నలుంటేనే ఆట రంజుగా సాగుతుంది.

1. ముందు హద్దు గీసుకోండి. విక్టోరియా రాణి పాలించింది 1837 నుంచి 1901 వరకు. జేన్ ఆస్టెన్ 1817లోనే చనిపోయారు. ఆమెను కలిపారో, ఎవరో ఒకరు లేచి తప్పు పట్టుకుంటారు.

2. కథల కన్నా ముందు జీవితాలు వెతకండి. పుట్టిన ఊరు, ఉద్యోగం, మారుపేరు, వీటిలోనే సరుకు దొరుకుతుంది. థాకరే 1811లో కలకత్తాలో పుట్టారు. బ్రాంటీ అక్కచెల్లెళ్లు మగవాళ్లవో ఆడవాళ్లవో తేలని పేర్లతో 1846లో కవితల పుస్తకం వేస్తే, మొదటి ఏడాది అమ్ముడైనవి రెండే కాపీలు!

3. దొరికిన విషయాన్ని తిప్పి అడగండి. అసలు పని ఇదే. ఆంథొనీ ట్రాలప్‌నే తీసుకోండి. ఆయన పోస్టల్ శాఖ ఉద్యోగి. తెల్లవారుజామున 5:30కే రాయడానికి కూర్చుని, వాచీ ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 పదాల చొప్పున రాసేవారు. "ట్రాలప్ ఏ శాఖలో పనిచేశారు?" అంటే చప్పగా ఉంటుంది. దాని బదులు ఇలా అడగండి: "ఒక నవలాకారుడి సలహాతో 1852లో జెర్సీ దీవి వీధుల్లో ఒక వస్తువు పెట్టారు. అలాంటిది మన వీధుల్లోనూ కనిపిస్తుంది. ఏమిటది?" ఎవరూ చెప్పకపోతే ఆయన ఉద్యోగం క్లూగా ఇవ్వండి. పోస్టు డబ్బా అని అరిచేస్తారు.

4. ప్రచారంలో ఉన్న మాటలను సరిచూడండి. డికెన్స్‌కు పదానికి ఇంతని డబ్బిచ్చేవారని, అందుకే సాగదీసి రాశారని చాలామంది అంటారు. అది నిజం కాదు. ఆయనకు భాగాల లెక్కన ఇచ్చేవారు. నెలనెలా వచ్చే ఒక్కో భాగం 32 పేజీలు, వెల ఒక షిల్లింగు. ఇలాంటి అపోహలు 'నిజమా, అబద్ధమా' రౌండ్‌కు బాగా పనికొస్తాయి.

5. జవాబు ఒక్కటే ఉందో లేదో చూసుకోండి. 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' ముగింపును ఒక స్నేహితుడి సలహాపై డికెన్స్ మార్చారు కాబట్టి ఏ ముగింపో స్పష్టంగా చెప్పాలి. ఇక టై-బ్రేకర్‌గా, డికెన్స్ ఆఖరి నవలలో మాయమైపోయే ఎడ్విన్ డ్రూడ్‌కు ఏమైందని మాత్రం అడగొద్దు. అనుకున్న 12 భాగాల్లో ఆరు పూర్తిచేసి, 1870 జూన్ 9న డికెన్స్ కన్నుమూశారు. అడిగారంటే ఆ వాదన తెల్లవార్లూ తెగదు.