ఒరిగిన ఇనుప గేటు బందులు మార్చిన తీరు: నా అనుభవం

కడపలో మా ఇంటి గేటు ఒకే రెక్క, ఆరడుగుల వెడల్పు, బరువు దాదాపు 150 కిలోలు. ఏడాది తిరక్కుండానే కొస ఒరిగి, కింద పరిచిన నల్ల బండ మీద తెల్లగా అర్ధచంద్రంలా గీత పడింది. గ్రీజు పూశాం, చక్రం పెట్టించాం, అడుగు కోయించాం, ఏదీ నిలవలేదు.

తప్పు బందుల మధ్య దూరంలో ఉంది. రెండింటికీ మధ్య మూడడుగులే. గేటు బరువు దాన్ని మోసే దిమ్మె (స్తంభం) నుంచి మూడడుగుల దగ్గర పడుతుంది కాబట్టి, పై బందును పీకే బలం కూడా 150 కిలోలే. దూరం నాలుగున్నర అడుగులైతే అది 100కి దిగుతుంది.

ఈసారి ఆ దూరంలో పెట్టడానికి బేరింగ్ బందులు తెచ్చాను. గేటు కింద చెక్కలు పెట్టి అంగుళం లేపాం. దారానికి గుండు కట్టి వేలాడదీసి, రెండు బందుల పిన్నులూ ఆ దారం వెంటే వచ్చేలా సరిచేశాం. దీనికే గంట పట్టింది. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు, పిన్నులు ఒక గీతలో లేకపోతే ఎంత మంచి బందైనా అరిగిపోతుంది.

"అన్నా, ఎర్తింగ్ క్లిప్పు వెల్డింగ్ పడే ముక్కకే పెట్టు" అని వెల్డర్‌కి చెప్పాను. కరెంటు బేరింగ్ గుండా పోతే లోపలి గోళీలు దెబ్బతింటాయి. మొదట బందులు నిలిచేంత వరకే చుక్కలుగా వెల్డింగ్ వేయించి, చెక్కలు తీసి, గేటు పూర్తిగా తిప్పి చూశాకే నిండా వెల్డింగ్.

రెండు వానాకాలాలు గడిచాయి, ఒక వేలితో తోస్తే కదులుతోంది. మాది కాంక్రీటు దిమ్మె, అందులో ఇనుప ప్లేటు ముందే ఉంది. ఇటుక దిమ్మె అయితే అదే వంగుతుందేమో, ముందు దానికి గుండు వేసి చూడండి.