తెలుగు ‘లో’కి ‘ఇన్’ ఒక్కటే కాదు: ప్రిపొజిషన్ ఎంచుకోవడం ఎలా?

రాజోలులో మా ఇంటి వరండాలో సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతుంటాను. డిగ్రీ పిల్లలు వస్తారు, నర్సింగ్ చదివి గల్ఫ్ ఇంటర్వ్యూలకి తయారయ్యే అమ్మాయిలు వస్తారు. నాలుగు నెలలు గడిచేసరికి టెన్సులు కుదురుకుంటాయి, స్పెల్లింగులు కుదురుకుంటాయి. ప్రిపొజిషన్ల దగ్గర మాత్రం ఎర్ర ఇంకు పడుతూనే ఉంటుంది. ముందు తెలుగులో వాక్యం అనుకుని, ‘లో’ ఉంటే ఇన్, ‘మీద’ ఉంటే ఆన్, ‘కి’ ఉంటే టు, ‘తో’ ఉంటే విత్ పెట్టేస్తారు. ఈ లెక్క చాలాసార్లు సరిపోతుంది కూడా, అందుకే ఆ అలవాటు ఒక పట్టాన వదలదు.

చోటు గురించి చెప్పేటప్పుడు తెలుగు వాక్యాన్ని పక్కనపెట్టి బొమ్మ ఊహించుకోండి. ఆ చోటు మీకు చుక్కలా కనిపిస్తోందా, గీతలా కనిపిస్తోందా, చుట్టూ హద్దులున్న ప్రాంతంలా కనిపిస్తోందా? చుక్కయితే ఎట్. గీత గానీ, ఒక వస్తువు పైభాగం గానీ అయితే ఆన్. హద్దుల లోపలయితే ఇన్. రావులపాలెంలో కాపురం ఉండేవాళ్ళు ‘ఐ లివ్ ఇన్ రావులపాలెం’ అనాలి. రాజమండ్రి నుంచి అమలాపురం వెళ్ళే బస్సుకి అదే ఊరు దారిలో ఒక చుక్క, కాబట్టి ‘ది బస్ స్టాప్స్ ఎట్ రావులపాలెం’. తెలుగులో రెండిటికీ ‘లో’నే. రాజమండ్రి గోదావరి ఒడ్డున ఉంది. మ్యాపులో నది ఒక గీత, అందుకని ‘రాజమండ్రి ఈజ్ ఆన్ ది గోదావరి’. అంతర్వేది ‘ఆన్ ది కోస్ట్’ అవడమూ ఇందుకే.

పిల్లల చేత నేను తప్పకుండా రాయించే వాక్యం ఒకటుంది: ‘ది ఆనికట్ అక్రాస్ ది గోదావరి ఎట్ ధవళేశ్వరం వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1852.’ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి అడ్డంగా ఉంది కనక అక్రాస్. అంత పొడవు నది మీద ధవళేశ్వరం ఒక చుక్క కనక ఎట్. ఏడాది కనక ఇన్. మన నీళ్ళ గురించే కాబట్టి ఇది పిల్లలకి బాగా గుర్తుంటుంది.

బండ్ల సంగతి సులువు. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కితే నర్సాపురం చేరేదాకా నిలబడి అటూ ఇటూ తిరగొచ్చు. అలా తిరగగలిగిన వాటికి ఆన్: ఆన్ ది ఫెర్రీ, ఆన్ ది బస్, ఆన్ ది ట్రెయిన్. ఒదిగి కూర్చోవాల్సిన కారుకీ ఆటోకీ ఇన్. బైకు మీదే ఎక్కుతాం కనక ఆన్. దేని మీద వచ్చారన్నది మాత్రమే చెప్పాలంటే బై బస్, బై ఫెర్రీ చాలు, మధ్యలో ది రాదు. నడిచి వస్తే మాత్రం ఆన్ ఫుట్.

కాలానికొస్తే గడియారం టైముకి ఎట్, రోజుకి ఆన్, నెలకీ ఏడాదికీ ఇన్. పొద్దున్నకి ‘ఇన్ ది మార్నింగ్’ అంటాం గానీ, ఏ రోజు పొద్దున్నో చెబితే రోజుకే పెద్దరికం: ‘ఆన్ సండే మార్నింగ్’. నెక్స్ట్, లాస్ట్, దిస్, ఎవ్రీ ఉంటే ముందు ఏదీ పెట్టకండి. ‘ఐ విల్ కమ్ నెక్స్ట్ మండే’ అంతే.

‘నుంచి’ దగ్గర కాస్త ఆగాలి. ఇంటర్వ్యూలో అనుభవం గురించి అడగ్గానే మా అమ్మాయిలు ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్’ అనేస్తారు. మూడేళ్ళ నుంచి అన్నా, 2022 నుంచి అన్నా మనకి ఒకటే ప్రత్యయం. ఇంగ్లీషులో మొదలైన సమయం చెబితే సిన్స్, గడిచిన కాలాన్ని కొలిచి చెబితే ఫర్. ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ సిన్స్ 2022’, ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఫర్ త్రీ ఇయర్స్’. క్రియ కూడా మారిందని గమనించండి. ఇలాంటిదే ఇంకో జత: కొబ్బరికాయల దింపు శుక్రవారం లోపు అయిపోతుందంటే బై ఫ్రైడే, శుక్రవారం వరకు జరుగుతుందంటే టిల్ ఫ్రైడే.

ఇక అసలు కష్టమంతా క్రియలతోనూ, విశేషణాలతోనూ. ఇక్కడ ఏ బొమ్మా ఆదుకోదు. తన పక్కన ఏది ఉండాలో ఆ మాటే నిర్ణయిస్తుంది. కొన్ని అసలు ఏదీ ఒప్పుకోవు. డిస్కస్‌లో ‘గురించి’ ముందే కలిసి ఉంది, కాబట్టి ‘డిస్కస్ ది ప్రాబ్లమ్’. రీచ్‌కి టు వద్దు, మ్యారీకి విత్ వద్దు. కానీ నామవాచకం కాగానే ‘ఎ డిస్కషన్ అబౌట్ ది ప్రాబ్లమ్’ అవుతుంది, పెళ్ళయిందని చెప్పాలంటే ‘మ్యారీడ్ టు’ అవుతుంది. ‘షి టోల్డ్ మి’ సరైనదే, ‘షి ఎక్స్‌ప్లెయిన్డ్ మి’ తప్పు. ‘ఎక్స్‌ప్లెయిన్డ్ ఇట్ టు మి’ అనాలి. తెలుగులో జ్వరంతో బాధపడతాం, ఇంగ్లీషులో ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’. మనకి పాఠం మీద ఆసక్తి, వాళ్ళకి ‘ఇంట్రెస్టెడ్ ఇన్’. కుక్కలంటే భయానికి ‘అఫ్రెయిడ్ ఆఫ్’, లెక్కల్లో దిట్టకి ‘గుడ్ ఎట్’. నర్సింగ్ వాళ్ళు ‘ఎలర్జిక్ టు పెన్సిలిన్’, ‘అడ్మిటెడ్ టు ది హాస్పిటల్’, ‘డిశ్చార్జ్‌డ్ ఫ్రమ్ ది హాస్పిటల్’ నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. వాళ్ళకి అది రోజూ చేసే పని.

దీనికి నేను చెప్పే ఉపాయం ఒక చిన్న నోటుపుస్తకం. మాటని ఒంటరిగా రాయకండి. ‘డిపెండ్’ అని కాదు, ‘డిపెండ్ ఆన్’ అని రాసి, కింద మీ ఇంటి సంగతితో ఒక వాక్యం రాయండి: ‘అవర్ ఫీల్డ్స్ డిపెండ్ ఆన్ కెనాల్ వాటర్.’ డిక్షనరీలో అర్థం చూసి మూసేయకుండా ఉదాహరణ వాక్యం చదవండి, ప్రిపొజిషన్ అందులోనే దొరుకుతుంది. ఆ వాక్యాన్ని పైకి చదవండి. చెవికి అలవాటైతే పరీక్ష హాల్లో టెన్షన్ ఉన్నా చేయి దానంతటదే రాస్తుంది. ప్రిపొజిషన్ల జాబితాలు బట్టీ పట్టించడం నాకు నచ్చదు. వాక్యం లేని జాబితా వారానికే మర్చిపోతారు.

ప్రశ్నల్లో ప్రిపొజిషన్ చివరికి వెళ్ళినా దాన్ని వదిలేయకూడదు: ‘విచ్ విలేజ్ డు యు కమ్ ఫ్రమ్?’ ప్రిపొజిషన్ తర్వాత క్రియ వస్తే దానికి ‘ఇంగ్’ చేర్చాలి: ‘ఇంట్రెస్టెడ్ ఇన్ లెర్నింగ్’. ఉద్యోగానికి అప్లికేషన్ రాసేవాళ్ళు దీన్ని ముఖ్యంగా చివరి వాక్యంలో చూసుకోవాలి. అక్కడి టు కూడా ప్రిపొజిషనే, కాబట్టి ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియర్’ అని కాదు, ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు’ అని రాయండి.