ప్రొబేషన్ బాండ్ తప్పి జైలు పడితే, పాత రిమాండ్ రోజులు శిక్షలో పోయేలా చూసుకోవడం ఎలా?

మొదటి తప్పు కదా అని జైలుకు పంపకుండా, షరతులతో బాండ్ రాయించుకుని ప్రొబేషన్ మీద వదిలేసిన మనిషి షరతు తప్పి మళ్లీ అదే కోర్టులో నిలబడితే, ఇంట్లోవాళ్లు అడిగేది ఒక్కటే: "ఇప్పుడు ఎన్నాళ్లు లోపలుండాలి సార్?" అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. "అప్పట్లో రిమాండ్‌లో ఉన్న రోజులు ఇందులో పోతాయా?" పోతాయి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 428వ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో 468వ సెక్షన్ చెప్పేది అదే. కోర్టులో దీన్ని సెట్ ఆఫ్ అంటారు. చట్టంలోనే ఉంది కదా, దానంతటదే జరిగిపోతుందిలే అని ఊరుకోకండి. తేదీలు మీరు చేతికివ్వకపోతే పాత ఫైలు దుమ్ము దులిపి లెక్కపెట్టే తీరిక ఆ హాల్లో ఎవరికీ ఉండదు.

ముందు జైలు తప్పుతుందేమో చూడండి. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, షరతు తప్పడం అదే మొదటిసారైతే, బాండ్‌ని అలాగే కొనసాగిస్తూ యాభై రూపాయలకు మించని జరిమానాతో కోర్టు వదిలేయొచ్చు. అవును, యాభయ్యే. ఇవాళ హోటల్లో రెండు ప్లేట్ల ఇడ్లీకి చాలని మొత్తం, చట్టంలో ఇంకా అలాగే ఉంది. కోర్టు చెప్పిన గడువులో అది కట్టేయాలి. కట్టకపోతే పాత నేరానికి శిక్ష వేయొచ్చు. ప్రొబేషన్ ఆఫీసర్ దగ్గరికి రెండు నెలలు వెళ్లలేదనో, చెప్పకుండా ఊరు మారాడనో రిపోర్టు వస్తే ముందు దీన్నే గట్టిగా అడగండి. మళ్లీ దొంగతనం కేసులో దొరికితే మాత్రం దీని మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

కాగితాలు. రిమాండ్ రిపోర్టు, బెయిల్ ఆర్డర్, ప్రొబేషన్ ఇచ్చిన ఉత్తర్వు, బాండ్ కాపీ. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసుకు ఇచ్చే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొడితే వాయిదాల చరిత్ర వస్తుంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది జైలు సూపరింటెండెంట్ ఇచ్చే కస్టడీ సర్టిఫికెట్. లోపలికి ఎప్పుడొచ్చాడు, బయటికి ఎప్పుడెళ్లాడు అన్నది జైలు రిజిస్టరుకు తెలిసినంతగా కేసు ఫైలుకు తెలియదు. లాయరుకు స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

లెక్కలోకి వచ్చేవి, రానివి. దర్యాప్తులో, విచారణలో ఆ కేసు కోసం నిర్బంధంలో ఉన్న రోజులు వస్తాయి. పోలీసు కస్టడీకి ఇచ్చిన రోజులు కూడా అందులోవే. బెయిల్ మీద బయటున్న కాలం రాదు. బాండ్ మీద బుద్ధిగా ఉన్న కాలమూ రాదు. "ఏడాదిన్నర సరిగ్గానే ఉన్నాడు కదా సార్, అది తగ్గించరా?" అని అడుగుతుంటారు. తగ్గించరు. కాకపోతే శిక్ష ఎంత వేయాలన్న మాట వచ్చినప్పుడు అది చెప్పుకోవచ్చు. ఇక జరిమానా కట్టకపోతే పడే అదనపు జైలుకు సెట్ ఆఫ్ వర్తించదు. వెయ్యి రూపాయలు కట్టలేక నెల రోజులు ఉంటూ, పాత రిమాండ్ అందులో పోతుందనుకోవడం వట్టి భ్రమ. అప్పో సప్పో చేసి జరిమానా కట్టేయండి.

తేదీలు రాసే పద్ధతికి ఒక ఉదాహరణ. దొంగతనం కేసులో ఒకతన్ని 2023 మార్చి 6న రిమాండ్‌కి పంపారు. బెయిల్ ఆర్డర్ 24న వచ్చింది. జామీనుదారులు దొరికి, ష్యూరిటీలు పెట్టి బయటపడేసరికి ఏప్రిల్ 3 అయింది. చాలామంది మార్చి 24తో లెక్క ఆపేస్తారు. బెయిల్ వచ్చిన రోజు కాదు, గేటు దాటిన రోజు చూడాలి. తర్వాత ఇతను వాయిదాలు ఎగ్గొడితే నాన్‌బెయిలబుల్ వారెంట్ మీద 2024 ఫిబ్రవరి 12న పట్టుకొచ్చి లోపల వేశారు. 19న విడుదలయ్యాడు. ఈ వారం ఎవరికీ గుర్తుండదు. ఇదీ అదే కేసులో నిర్బంధమే, రాయండి. ఈ తేదీలతో కోర్టుకు ఇచ్చే చిన్న అర్జీనే మెమో అంటారు. మొత్తం ఎన్ని రోజులన్న సంఖ్య మాత్రం మెమోలో వేయొద్దు. మొదటి రోజు, చివరి రోజు కలపాలా వద్దా అన్న చర్చ మొదలైతే వాయిదా పడుతుంది. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు" అని రాసి ఆపేయాలి. కోర్టు బయట టైపు మిషన్ల దగ్గర సంఖ్యలతో నింపి ఇచ్చే మెమోలు నాకు ఎప్పుడూ నచ్చవు.

ఇప్పుడు అసలు చిక్కు. ఇక్కడే పనులు చెడేది.

మన ఉదాహరణలో మనిషికి 2024 నవంబరు 4న ప్రొబేషన్ ఇచ్చారనుకుందాం. 2025 ఆగస్టు 11న ఇంకో ఊళ్లో కొత్త కేసులో అరెస్టయ్యాడు. "ఆగస్టు నుంచి జైల్లోనే ఉన్నాడు కదా, అవన్నీ పాత కేసులో పోతాయి" అని ఇంట్లోవాళ్లు ధీమాగా ఉంటారు. పోవు. ఆ రోజులు కొత్త కేసువి. సెట్ ఆఫ్ దొరికేది అదే కేసులో ఉన్న నిర్బంధానికే. పాత కేసు కోర్టు పీటీ వారెంట్ (వేరే కేసులో జైల్లో ఉన్నవాణ్ని తన ముందుకు రప్పించుకునే వారెంట్) ఇచ్చి, జైలు నుంచి అతన్ని రప్పించి, తన కేసులో కూడా రిమాండ్ చేస్తేనే ఆ రోజు నుంచి ఇక్కడా కస్టడీ మొదలైనట్టు. అది సెప్టెంబరు 9న జరిగితే, ఆగస్టు 11 నుంచి సెప్టెంబరు 8 దాకా ఉన్న రోజులు ఈ కేసు ఖాతాలో లేనట్టే. అందుకే కొత్త కేసులో అరెస్టని తెలిసిన రోజే పాత కోర్టులో మెమో వేయండి: ముద్దాయి ఫలానా జైల్లో ఉన్నాడు, పీటీ వారెంట్ మీద పిలిపించండి అని. పోలీసులే తెస్తారులే అని చూస్తూ కూర్చుంటే ప్రతి రోజూ మీ వాడి నెత్తినే పడుతుంది. పాత కోర్టుకు గుర్తు చేయడమంటే చాలామందికి టెన్షన్. దాక్కుంటే కేసు మాయమైపోదు. కొత్త కేసులో బెయిల్ వచ్చి గేటు దాటే రోజున పాత వారెంట్ ఎదురొస్తుంది, అంతే తేడా.

రెండు కేసుల్లోనూ ఒకే కాలంలో రిమాండ్ నడిస్తే ఒక కేసులో వాడుకున్న రోజులు రెండో కేసులో పనికిరావని కొందరు చెబుతారు. అది పాత మాట. 2001లో నజాకత్ అలియా ముబారక్ అలీ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఆ ముడి విప్పేసింది. రెండింటిలోనూ నిర్బంధం ఉంటే రెండింటిలోనూ సెట్ ఆఫ్ అడగొచ్చు.

పీటీ వారెంట్‌తోనే పని అయిపోయిందనుకోకండి, ఇంకో మెలిక ఉంది. సెక్షన్‌లో "దోషిగా తేలిన తేదీకి ముందు" ఉన్న నిర్బంధం అని రాసి ఉంది. ప్రొబేషన్ కేసులో దోషి అని తేలింది బాండ్ ఇచ్చిన నాడు, మన ఉదాహరణలో 2024 నవంబరు 4న. అంతకు ముందు రోజులకు పేచీ లేదు. 9వ సెక్షన్ విచారణ కోసం సెప్టెంబరు 9 నుంచి ఉంచిన రోజులు మాత్రం ఆ తేదీ తర్వాతివి. అక్షరం పట్టుకుని ఏపీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) అభ్యంతరం చెబితే నోరు వెళ్లబెట్టాల్సి వస్తుంది. కాబట్టి మెమోలో రెండు పేరాలు వేరుగా ఉండాలి. మొదటి పేరాలో బాండ్‌కు ముందున్న తేదీలు: ఇవి 428 కింద హక్కు, శిక్షలోంచి తీసేయండి అని. రెండో పేరాలో బాండ్ తర్వాత ఇదే కేసులో ఉన్న తేదీలు: వీటికీ సెట్ ఆఫ్ ఇవ్వండి, కుదరదంటే శిక్ష ఎంతన్నది ఇప్పుడే తేలుతోంది కాబట్టి ఆ మేరకు తగ్గించి వేయండి అని. మొత్తం శిక్ష మీద కోర్టుకు చేతిలో వెసులుబాటు ఉన్న క్షణం అదొక్కటే. సంతకం అయ్యాక ఉండదు. లోపల చాలా కాలం ఉంటే "ఇప్పటిదాకా ఉన్నదే శిక్ష" అని ముగించమని కూడా అడగండి. రెండు పేరాలూ కలిపేసి ఒకే ముద్దగా రాస్తే, రెండో దాని మీద వచ్చిన అభ్యంతరం మొదటి దాన్ని కూడా లాక్కుపోతుంది.

కొత్త కేసు శిక్ష, ఈ శిక్ష ఏకకాలంలో నడవాలంటే అది వేరే విన్నపం, వేరే సెక్షన్. ఈ మెమోలో కలపకండి.

శిక్ష చెప్పాక ఇంటికెళ్లిపోవద్దు. జైలు శిక్ష పడితే తీర్పు కాపీ అక్కడికక్కడే ఉచితంగా ఇవ్వాలి. తీసుకుని, బెంచ్ క్లర్క్ దగ్గర కన్విక్షన్ వారెంట్‌లో (శిక్ష పడ్డవాణ్ని జైలుకు పంపే కాగితం) తేదీలు ఎక్కాయో లేదో కళ్లతో చూసుకోండి. జైలు వాళ్లు చూసేది ముందు ఆ వారెంటే. తీర్పులో "సెట్ ఆఫ్ ఇవ్వాలి" అని ఒక్క వాక్యం ఉండి, వారెంట్‌లో తేదీల దగ్గర ఖాళీ ఉంటే ఆ వాక్యం ఆచరణలో ఎందుకూ కొరగాదు. ఖాళీ ఉంటే అదే రోజు మెమో ఇవ్వండి. అందులో తీర్పు మార్చమనకండి. సంతకం అయ్యాక రాత తప్పులు, లెక్క తప్పులు తప్ప తీర్పు మార్చే వీలు లేదు. వారెంట్‌లో తేదీలు చేర్చమని మాత్రమే అడగండి.

"పై కోర్టులో అప్పీల్లో చూసుకుందాం" అనే సలహా వినకండి. ఆరు నెలల శిక్షకు అప్పీలు విచారణకు వచ్చేలోపు శిక్షే అయిపోవచ్చు.

వారం తర్వాత ములాఖత్‌కు వెళ్లినప్పుడు హిస్టరీ టికెట్ (జైల్లో ఖైదీ వివరాలు రాసే కార్డు) మీద విడుదల తేదీ ఏం రాశారో కనుక్కోండి. రెమిషన్ వేరు, అది జైలు నడవడికను బట్టి వచ్చే శిక్ష తగ్గింపు, దాన్ని ఇందులో కలపొద్దు. మీ లెక్కకు, టికెట్‌కు పొంతన లేకపోతే కస్టడీ సర్టిఫికెట్ జతచేసి సూపరింటెండెంట్ ద్వారా కోర్టుకు అర్జీ పెట్టించండి, ఒక కాపీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కూడా పంపండి.