ఈఐటీ నేర్చుకుందాం – 5: మెష్‌ను ఎక్కడ సన్నం చేయాలి?

ఈఐటీ (ఎలక్ట్రికల్ ఇంపీడెన్స్ టోమోగ్రఫీ) అంటే అంచుల నుంచి కరెంటు పంపి, వోల్టేజీలు కొలిచి, లోపల ఎక్కడ వాహకత ఎంతో, అంటే కరెంటు ఎంత సులువుగా పారుతుందో, బొమ్మ కట్టడం. పోయిన పాఠంలో ప్లాస్టిక్ టబ్బు లోపలి గోడకు 16 స్టీలు పట్టీలు అంటించి, ఉప్పునీళ్లు పోసి, పక్కపక్కనున్న జతల గుండా కరెంటు పంపి, మిగతా జతల మధ్య వోల్టేజీలు కొలిచాం. మొత్తం 208 కొలతలు. కరెంటు పంపే జతనూ కొలిచే జతనూ తారుమారు చేసినా అదే విలువ రావాలి కాబట్టి, కొత్త సంగతి చెప్పేవి వాటిలో 104 మాత్రమే. ఈ అంకె గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

నీళ్ల వాహకత తెలుసనుకుని వోల్టేజీలు లెక్కకట్టడాన్ని ‘ముందు లెక్క’ (ఫార్వర్డ్ ప్రాబ్లమ్) అంటారు. దీనికోసం టబ్బును కంప్యూటర్లో చిన్న చిన్న త్రిభుజాలుగా విడగొడతాం, ఆ త్రిభుజాల వలే మెష్. ఇందులో తప్పుంటే ఆ తప్పు కూడా బొమ్మలోకి ఎక్కుతుంది. మొదట్లో నేను ప్రతి త్రిభుజాన్నీ నాలుగు ముక్కలు చేస్తూ పోయాను. 1,000 కాస్తా 4,000, తర్వాత 16,000, 64,000 అయ్యాయి. చెన్నై వేళచ్చేరిలోని మా గదిలో లాప్‌టాప్ ఫ్యాను రాత్రంతా మోగేది. అయినా టబ్బులో లేని మచ్చలు పట్టీల పక్కన బొమ్మలో కనిపించేవి.

సాయంత్రం మాంబళం స్టేషన్లో లోకల్ రైలు ఆగినప్పుడు చూడండి. జనం ప్లాట్‌ఫారమంతా సమానంగా ఉండరు, తలుపుల దగ్గర గుమిగూడతారు. కరెంటు కూడా పట్టీ మధ్యలో కన్నా దాని రెండు అంచుల దగ్గర ఎక్కువగా దూరుతుంది. సన్నటి త్రిభుజాలు కావలసింది అక్కడే. టబ్బు నడిబొడ్డున వోల్టేజి నెమ్మదిగా మారుతుంది, అక్కడ పెద్దవి చాలు.

ఏ త్రిభుజాన్ని కోయాలో కంప్యూటరే ఎంచుకోవాలి. పక్కపక్కనున్న రెండు త్రిభుజాల ఉమ్మడి గీత దగ్గర ఇటునుంచి వెళ్లే కరెంటు, అటు చేరే కరెంటు సమానంగా ఉండాలి. మన లెక్కలో అవి కలవవు. ఆ తేడాను గీత పొడవుతో గుణించి వర్గం చేస్తే ఆ గీత తప్పు వస్తుంది. పట్టీ లేని గోడ దగ్గర బయటికి పోయే కరెంటు సున్నా కావాలి, కానిదంతా తప్పే. పట్టీ కింద, లోపలికి వచ్చే కరెంటు, పట్టీకీ నీళ్లకూ మధ్య వోల్టేజి తేడాను అక్కడి తాకిడి నిరోధంతో (పట్టీ, నీళ్లు తాకే చోట ఉండే నిరోధం) భాగిస్తే వచ్చేదానికి సరిపోవాలి. త్రిభుజానికి మూడు గీతల తప్పులూ కలపండి. కరెంటు పంపే 16 జతలకూ విడివిడిగా చేసి కూడండి. ఒక్క జతకే చేస్తే మెష్ ఆ జత దగ్గరే సన్నబడుతుంది. నేను మూడు రోజులు పోగొట్టుకున్నది ఇక్కడే.

ఇప్పుడు త్రిభుజాలను తప్పు పెద్దది నుంచి చిన్నదానికి పేర్చి, మొత్తం తప్పులో సగం వచ్చేదాకా పైనుంచి తీసుకుని, వాటినే కోయండి. విల్లీ డోర్‌ఫ్లర్ 1996లో ప్రచురించిన పద్ధతి ఇది. కోసినవాటి పక్క త్రిభుజం గీత మధ్యలో కొత్త బిందువు వేలాడుతుంది. ఆ త్రిభుజాన్ని కూడా రెండుగా చీల్చాలి, లేకపోతే వోల్టేజి అక్కడ తెగిపోతుంది.

ఎప్పుడు ఆపాలి? మీ మీటరుతో ఒకే కొలతను పదిసార్లు తీసి, అది ఎంత ఊగుతుందో చూడండి. కొత్త మెష్‌తో 208 వోల్టేజీలూ ఆ ఊపు కన్నా తక్కువ మారితే ఆపేయండి. మీటరు చూడలేని దాన్ని లెక్కలో సాధించి లాభం లేదు.

బొమ్మ కట్టడానికి మాత్రం ఈ సన్న మెష్ వాడకండి. మన చేతిలో ఉన్నవి 104 కొలతలే, వాటితో పది వేల త్రిభుజాల వాహకతలు తేల్చలేం. దానికి వేరే ముతక మెష్ గీసి, సన్న త్రిభుజాల్లో ఏవి ఏ ముతక త్రిభుజం కిందికి వస్తాయో ఒక పట్టిక రాసుకోండి.

ఇంకో మాట. ఒకే మెష్‌తో వోల్టేజీలు పుట్టించి, దానితోనే బొమ్మ కడితే అద్భుతంగా వస్తుంది, నమ్మకండి. పరిశోధకులు దాన్ని ఇన్వర్స్ క్రైమ్ అంటారు. నేనూ అలాంటి బొమ్మ చూసి మురిసిపోయాను. మర్నాడు టబ్బులో కీరదోసకాయ ముక్క వేస్తే ఏమీ కనిపించలేదు.

వచ్చే వారానికి: త్రిభుజాల సంఖ్య దాదాపు సమానంగా ఉండేలా రెండు మెష్‌లు చేయండి, ఒకటి అంతటా ఒకే సైజుది, ఇంకోటి ఈ పద్ధతిది. రెండింటి వోల్టేజీలనూ మీకు వీలైనంత సన్నటి మెష్‌తో పోల్చి, తేడాలు కాగితం మీద రాసి పెట్టుకోండి. ముతక మెష్‌నూ దాచండి, లాంబ్డాను (బొమ్మ అడ్డదిడ్డంగా పోకుండా పట్టి ఉంచే అంకెను) అడుగడుగునా ఎలా తగ్గించాలో దాని మీదే చూద్దాం.