పాత కంపెనీ 401(కె) సొమ్ము, ఇరవై శాతం కోత

అమెరికాలో ఉద్యోగం మారాక పాత కంపెనీ 401(కె)లోని, అంటే కంపెనీ ద్వారా దాచుకున్న రిటైర్మెంట్ పొదుపులోని 50,000 డాలర్లను నా ఐఆర్ఏ ఖాతాకు (సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతాకు) నేరుగా బదిలీ చేయమని దరఖాస్తులో రాశాను. నిర్వాహకులు మాత్రం నా పేరిటే చెక్కు పంపారు, అదీ 40,000కే. సొమ్ము ఉద్యోగి చేతికిస్తే 20 శాతం ఫెడరల్ పన్నుగా మినహాయించి తీరాలన్నది చట్టం. ఫోన్ చేస్తే, పన్ను కట్టేశాం కనుక వెనక్కి తీసుకోలేమన్నారు.

అసలు చిక్కు ఇక్కడే. చెక్కు అందిన 60 రోజుల్లోగా ఐఆర్ఏలో 40,000 మాత్రమే వేస్తే, మిగతా 10,000 ఆ ఏటి ఆదాయమవుతుంది. 59½ ఏళ్లు నిండని నాలాంటివారికి సాధారణంగా దానిపై మరో 10 శాతం అదనపు పన్ను. చేతికి రాని డబ్బుకు జరిమానా! అందుకే పొదుపులోంచి 10,000 తీసి, పూర్తి 50,000 గడువులోగా జమచేశాను. అది రోలోవర్ (ఒక రిటైర్మెంట్ ఖాతా సొమ్మును మరోదానికి మార్చడం) అని ఐఆర్ఏ సంస్థ చేత నమోదు చేయించాను. లేకపోతే మామూలు వార్షిక జమగా లెక్కగట్టి పరిమితి దాటిందంటారు.

జనవరిలో 1099-ఆర్, అంటే రిటైర్మెంట్ ఖాతా నుంచి చెల్లించిన సొమ్ము వివరాల పన్ను పత్రం వచ్చింది. రిటర్నులో మొత్తం సొమ్ము చూపి, పన్ను వర్తించే భాగం సున్నా అని రాసి, రోలోవర్ అని గుర్తించాను. మినహాయించిన పది వేలు నేను ముందే కట్టిన పన్నుగా లెక్కకొచ్చి, రీఫండులో కలిసి వచ్చాయి. అన్ని నెలలు ప్రభుత్వానికి వడ్డీ లేని అప్పిచ్చినట్టే.

చెక్కు మీరే అందుకున్నా ఫరవాలేదు, కొత్త ఐఆర్ఏ సంస్థ పేరిట రాసి ఉంటే కోత ఉండదు. ముందుగా చూడవలసింది ఆ పేరే.