పెయింటింగ్ యాపా, వెక్టర్ యాపా? ముందు బొమ్మ ఎక్కడికి వెళ్తుందో చెప్పండి

ఒడిశాలో బరంపురం నుంచి రాయగడ దాకా బొమ్మలేసే కుర్రాళ్లు అడిగే మాట ఒక్కటే: "అన్నా, ఏ యాప్ మంచిది?" యాప్ సంగతి తర్వాత. ఆ బొమ్మ చివరికి ఫోన్ తెర మీదకి వెళ్తుందా, ఫ్లెక్సీ షాపుకా, రేడియం స్టిక్కర్ కోసే మెషీన్‌కా? అది తేలితే సగం పని అయిపోయినట్టే.

క్రిటా, ఐబిస్ పెయింట్, ప్రొక్రియేట్ పెయింటింగ్ రకం. బొమ్మంతా పిక్సెళ్లే, అంటే చిన్న చిన్న రంగు చుక్కలే కాబట్టి మొదట తీసుకున్న కాన్వాస్‌ కన్నా పెద్దగా సాగదీస్తే మసకబారిపోతుంది. ఇంక్‌స్కేప్, కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్ వెక్టర్ రకం, అవి గీతని లెక్కల్లో దాచుకుంటాయి, అందుకే విజిటింగ్ కార్డు మీది లోగోనే హోర్డింగ్‌కి పెంచినా అంచు చెదరదు.

ఠాకురాణి యాత్రకి, అదే మన బరంపురం అమ్మవారి జాతరకి, అమ్మవారి ముఖం వేయాలా? బుగ్గల మీద పసుపు, కళ్ల కింద నీడ, ఒక రంగు ఇంకోదాంట్లో కలిసిపోవడం, ఇవన్నీ బ్రష్ పనులు, పెయింటింగ్ యాప్ తీసుకోండి. సవర గోడబొమ్మల్లా వరసగా నిలబడ్డ మనుషులో, మన పట్టుచీర అంచులోని కుంభా డిజైనో అయితే వెక్టరే సుఖం. ఇంక్‌స్కేప్‌లో ఒక్క బొమ్మ గీసి ఆల్ట్, డి నొక్కితే క్లోన్ వస్తుంది, తర్వాత అసలు బొమ్మలో చెయ్యి ఆకారం మారిస్తే క్లోన్లన్నిట్లోనూ మారిపోతుంది. ఆ హాయి పెయింటింగ్ యాప్‌లో ఇంత తేలిగ్గా దొరకదు.

పెయింటింగే అనుకుంటే సైజు ముందే లెక్కేసుకోండి. ఎ4 కాగితానికి 300 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కలు) 2480×3508 పిక్సెళ్లు కావాలి. 10×6 అడుగుల ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి 72 డీపీఐ సరిపోతుంది, అయినా 8640×5184 అవుతుంది, అంటే ఒక్కో లేయరుకి (ఒకదాని మీద ఒకటి పరిచే పొరకి) 170 ఎంబీ పైనే ర్యామ్. మామూలు ఫోన్‌లో నాలుగైదు లేయర్లు వేసి చూడండి, మీకే తెలుస్తుంది.

పెయింటింగ్ వేసేసి, ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ నొక్కి వెక్టర్ చేసేద్దామని చాలామంది ప్లాన్. నల్లగీతల బొమ్మకి బాగానే వస్తుంది. నీడలున్న ముఖానికి మాత్రం వేల నోడ్లు (గీత మలుపు తిరిగే చుక్కలు) పుట్టుకొస్తాయి, దాన్ని స్టిక్కర్ మెషీన్‌కి ఇస్తే కోసేవాడు మనల్ని తిడతాడు. దానికన్నా క్రిటాలో స్కెచ్ వేసి, ఇంక్‌స్కేప్‌లో దాని మీద చేత్తో గీసుకోవడం నయం.

డబ్బు మాటకొస్తే క్రిటా, ఇంక్‌స్కేప్ కంప్యూటర్‌లో ఉచితం, మొదలుపెట్టేవాళ్లకి ఈ రెండూ చాలు. ప్రొక్రియేట్ ఆపిల్ వాళ్ల టాబ్లెట్, ఫోన్లలోనే. చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కటే ఉంటే ఐబిస్ పెయింట్.

ఇక అక్షరాలు. మన బోర్డుల మీద తెలుగూ ఒడియా రెండూ ఉంటాయి కదా, ఆ పని మాత్రం వెక్టర్‌లోనే పెట్టుకోండి. షాపు కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోతే ఒత్తులన్నీ చెల్లాచెదురవుతాయి, అందుకని ఇచ్చేముందు అక్షరాలని కర్వ్స్, అంటే ఫాంట్ అక్కర్లేని గీతలు చేయాలి: కోరల్‌లో కంట్రోల్, క్యూ, ఇంక్‌స్కేప్‌లో ఆబ్జెక్ట్ టు పాత్. ఆ తర్వాత స్పెల్లింగ్ దిద్దలేరు, కాబట్టి మార్చకముందు ఫైలు వేరే పేరుతో దాచుకోండి. షాపువాళ్లు సీడీఆర్ (కోరల్‌డ్రా ఫైలు) అడుగుతారు, ఇంక్‌స్కేప్ సీడీఆర్‌గా సేవ్ చేయలేదు, పీడీఎఫ్ ఇవ్వండి, కోరల్‌లో తెరుచుకుంటుంది.