మాత్ర వేసుకుంటున్నా బీపీ దిగట్లేదా? డోసు పెంచే ముందు చూడాల్సినవి

సమస్య: రోజూ మాత్ర పడుతోంది, అయినా 150/95 దగ్గరే ఆగిపోయింది

ముందు చూసుకునే పద్ధతి సరిచేయండి. ఇది అందరికీ తెలిసినదే, అందరూ దాటేసేదీ ఇదే. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. కాఫీ, సిగరెట్ అరగంట ముందే ఆపాలి. చెయ్యి వేలాడకూడదు, గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీని చొక్కా మీద కాకుండా ఒంటి మీదే చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. పట్టీ మీద సెంటీమీటర్లలో కొలత రాసి ఉంటుంది. మీ దండచెయ్యి చుట్టుకొలత అందులో పడుతుందో లేదో టేపు పెట్టి చూడండి.

ఉదయం మాత్రకు ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి చూడండి. 7 రోజులు రాసి, మొదటి రోజువి వదిలేసి, మిగతావాటి సగటు తీయండి. ఆసుపత్రిలో 140/90 అంటే ఎంతో, ఇంట్లో 135/85 అంటే అంత. మందు మార్చాలా వద్దా అన్నది ఈ సగటును బట్టి తేలాలి, ఒక్క రోజు అంకెను బట్టి కాదు.

తప్పిపోయిన పూటలు లెక్కపెట్టండి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి. ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు రోజూ వేసుకుంటే ఒంట్లో దాని మట్టం నిలకడగా కుదురుకోవడానికే 7, 8 రోజులు పడుతుంది. మూడో రోజుకే 'పనిచేయట్లేదు' అనడం తొందరపాటు.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నా బీపీ దిగకపోతే, నొప్పి మాత్రను అనుమానించండి

ఎక్కువమంది దగ్గర దొరకకుండా తప్పించుకునే కారణం ఇదే. 'ఇంకేమైనా మందులు వాడుతున్నారా?' అని అడిగితే 'లేదండీ' అంటారు. అబద్ధం కాదు. మోకాళ్లకో నడుముకో వేసుకునే మాత్ర వాళ్ల దృష్టిలో మందుల లెక్కలోకే రాదు. అందుకే నోటిమాటతో సరిపెట్టుకోకండి. ఇంట్లో ఉన్న మాత్రల షీట్లు, జలుబు మాత్రలు, సిరప్‌లు అన్నీ బల్ల మీద పరిచి, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్. వీటిలో ఏది కనిపించినా వారానికి ఎన్నిసార్లు పడుతోందో రాసుకోండి. పైన పారాసిటమాల్ అని పెద్దగా రాసి ఉండి, కింద ఎసెక్లోఫెనాక్ కూడా కలిసిన మాత్రలు చాలా ఉన్నాయి.

ఇవి ఏం చేస్తాయంటే: ఉప్పును, నీటిని బయటికి పంపడానికి మూత్రపిండాలకు ప్రోస్టాగ్లాండిన్లు అనే, ఒంట్లోనే తయారయ్యే రసాయనాలు సాయం చేస్తాయి. నొప్పి మాత్ర వాటి తయారీనే ఆపుతుంది. ఉప్పు నిలుస్తుంది, నీరు నిలుస్తుంది, బీపీ పెరుగుతుంది. పేరు చివర 'ప్రిల్' అని, 'సార్టాన్' అని ఉండే బీపీ మందుల పని, నీరు పోయించే మాత్రల పని బాగా దెబ్బతింటుంది. ఆమ్లోడిపిన్ మీద ప్రభావం తక్కువ. ఈ సంగతి తెలియక బీపీ డోసు పెంచితే, నొప్పి మాత్ర మానిన వారం బీపీ ఒక్కసారిగా దిగి కళ్లు తిరగొచ్చు.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. సార్టాన్ లేదా ప్రిల్, నీరు పోయించే మాత్ర, నొప్పి మాత్ర మూడూ ఒకేసారి నడుస్తుంటే మూత్రపిండాలు ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో మరీను. అలాంటప్పుడు నొప్పి మాత్ర ముట్టుకోకండి. బీపీ మందుల్లో ఏవి కొన్నాళ్లు ఆపాలో ఆ రోజే డాక్టరును అడగండి.

పరిష్కారం: డాక్టరుకు చెప్పి నొప్పి మాత్ర ఆపి, రెండు వారాల తర్వాత మళ్లీ 7 రోజుల సగటు తీయండి. డోసు మాట ఆ తర్వాతే. మోకాలికి పైపూత జెల్ నయం, రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. మింగాల్సి వస్తే విడి పారాసిటమాల్ మేలు, అయితే రోజుకు 4 గ్రాముల చొప్పున రోజుల తరబడి వాడితే అదీ బీపీని కొంత పెంచుతుంది. నీళ్లలో బుసబుస కరిగే రకం వద్దు. అలాంటి 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కోదానిలో దాదాపు 400 మిల్లీగ్రాముల సోడియం ఉండొచ్చు. ఆరు వేసుకుంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు పెట్టిన 2 గ్రాముల సోడియం హద్దు మాత్రలతోనే దాటిపోతుంది. ముక్కు దిబ్బడ మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ కూడా బీపీని ఎక్కిస్తాయి.

ఒక్క జాగ్రత్త. గుండె కోసం డాక్టరు రాసిన 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌ను ఈ జాబితాలో కలిపి ఆపేయకండి. ఆ డోసు బీపీని పెంచదు.

సమస్య: చీలమండల దగ్గర వాపు, సాయంత్రానికి ఎక్కువ

ఆమ్లోడిపిన్ అయి ఉండొచ్చు. 5 మిల్లీగ్రాములప్పుడు లేనిది 10కి పెంచాక వస్తుంది. సన్న రక్తనాళాలు వెడల్పై నీరు కణజాలంలోకి ఊరడం వల్ల వచ్చే వాపు ఇది, కాబట్టి నీరు పోయించే మాత్ర జోడించినా పెద్దగా తగ్గదు. డోసు తగ్గించడమో, ప్రిల్ లేదా సార్టాన్ జతచేయడమో పనిచేస్తుంది. ఒక కాలే వాచి నొప్పెడుతున్నా, ఆయాసం ఉన్నా మాత్ర మీదకు నెట్టకుండా వెంటనే చూపించుకోండి.

సమస్య: కఫం లేని పొడి దగ్గు, సిరప్‌కు లొంగదు

పేరు చివర 'ప్రిల్' ఉందా చూడండి. ఉంటే సార్టాన్‌కు మార్చమని అడగండి. మార్చిన మర్నాటికే పోదు, 1 నుంచి 4 వారాలు పడుతుంది. పెదవులో నాలుకో వాస్తే అది దగ్గు లాంటిది కాదు, అత్యవసరం. మందు ఆపి ఆసుపత్రికి పరుగెత్తండి.

సమస్య: లేవగానే కళ్లు తిరగడం

పడుకుని ఒకసారి, నిలబడ్డ మూడు నిమిషాల్లోపు మరోసారి చూడండి. పై అంకె 20 గాని కింది అంకె 10 గాని పడిపోతే మందుల మోతాదు తిరిగి చూడాలి. సొంతంగా మానేయకండి. మెటోప్రొలాల్, అటెనొలాల్, క్లోనిడిన్ లాంటి బీపీ మందులు ఒక్కసారిగా ఆపితే బీపీ, గుండె వేగం ఎగదన్నుతాయి.

బీపీ దిగకపోవడానికి మూత్రపిండ రక్తనాళం సన్నబడటం, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథిలో గడ్డల లాంటి కారణాలూ ఉంటాయి గానీ, ఎక్కువగా మూడు రకాల మందులు సరైన డోసులో వాడినా దిగనప్పుడు వాటి వేట. గట్టిగా గురక పెట్టి పగలంతా తూగేవాళ్లు మాత్రం నిద్రలో శ్వాస ఆగుతోందేమో ముందే పరీక్ష చేయించుకోండి.

180/120 దాటి కనిపిస్తే 5 నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక వైపు చేయి కాలు పట్టు తప్పడం, చూపు మసకబారడం వీటిలో ఏదున్నా రెండోసారి చూస్తూ కూర్చోకుండా అంబులెన్సుకు ఫోన్ చేయండి. అలాంటివేమీ లేకుండా అంకె అలాగే ఉంటే అదనపు మాత్రలు మింగకండి, ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి.